సంత నీడ, మళిగ కప్పు

పలనాడులోని దాచేపల్లి మండలానికి ఉత్తరపుటంచున, పొందుగల దగ్గర, కృష్ణానది రెండు తెలుగు రాష్ట్రాలకు సరిహద్దుగా పారుతుంది. ఆవలి ఒడ్డున వాడపల్లి వద్ద, హైదరాబాదు నడిబొడ్డు గుండా వచ్చిన మూసీ అందులో కలుస్తుంది. అద్దంకి నుంచి నార్కట్‌పల్లికి పోయే రహదారి దాచేపల్లి మీదుగా సాగి ఇక్కడే నదిని దాటి తెలంగాణలో అడుగుపెడుతుంది. తినుబండారాల వ్యాపారానికి తెలుగు దేశంలో రెండు రూపాలు స్థిరపడ్డాయి: వారానికి ఒకనాడు ఆరుబయట కూడి సాయంత్రానికి విడిపోయే సంత ఒకటి, కప్పు కింద తరతరాలుగా ఒకే కుటుంబం కూర్చునే కొట్టు రెండోది. మొదటి దానికి పలనాడు పాత ఇల్లు కాగా, రెండోది నిండు రూపంలో కనిపించేది హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టులో. ఆ మార్కెట్టు పుట్టుకకు మూల కారణం వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ మూసీయే కావడం వల్ల, రెంటినీ ఒకే కథగా చదవడం సమంజసం.

ముందుగా మాటల సంగతి చూడాలి. అంగడి, సంత అనే పదాలు తెలుగుకే కాక కన్నడ, తమిళాలకు కూడా సొంతమైనవి. బజారు పారసీకం నుంచి, దుకాణం అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. వీటన్నిటి మధ్య మరుగున పడిన పాత మాట మళిగ. దీనికే మడిగ అనే రూపం కూడా ఉంది. గోడలూ కప్పూ ఉండి, సరుకు నిలవ చేసుకోవడానికి వీలైన కొట్టు అని దీనికి అర్థం. తమిళంలో కిరాణా కొట్టును నేటికీ మళిగై అంటారు, కన్నడంలో మళిగె వాడుకలోనే ఉంది. కోస్తా తెలుగులో ఈ మాట దాదాపు వినిపించకపోయినా, హైదరాబాదు అద్దె కాగితాల్లో ఒక్కో కొట్టును మల్గీ అనే రాస్తారు. ఉర్దూ మాటగా చలామణి అవుతున్న ఈ పదానికి మళిగతో ఉన్న చుట్టరికం చెవికే తెలుస్తుంది. సంతలో ఉన్నది చోటు మాత్రమే, మళిగలో ఉన్నది చోటుతో పాటు కప్పు; ఈ తేడాలోనే అప్పు, నిలవ, వారసత్వం అనే మూడు వ్యవహారాలు ఇమిడి ఉన్నాయి.

పలనాడు నేల మెట్టనేల. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూటిని ప్రస్తావించడం తెలిసిన విషయమే. జొన్న, సజ్జ, వరిగ, కంది వంటి పంటలు ఇంటి గాదెల్లోకి చేరేవి; అమ్మకానికి వచ్చేది మిగులు మాత్రమే. అటువంటి చోట రోజూ తెరిచే కొట్టుకు తగినంత బేరం ఉండదు, వారానికి ఒకనాడు పది ఊళ్ల అవసరం ఒక చోట పోగైతేనే అమ్మేవాడికీ కొనేవాడికీ గిట్టుబాటు అవుతుంది. సంత పేదరికానికి గుర్తు అనుకోవడం పొరపాటు; చెల్లాచెదురుగా ఉన్న కొద్దిపాటి కొనుగోలు శక్తిని ఒక రోజుకు కుదించి వ్యాపారాన్ని సాధ్యం చేసిన తెలివైన ఏర్పాటు అది. గింజలు మానికలతో, కుంచాలతో కొలిచేవారు (నాలుగు మానికలు ఒక కుంచం). బెల్లం, చింతపండు, మిరప వంటివి వీశెల్లో, మణుగుల్లో తూచేవారు (ఎనిమిది వీశెలు ఒక మణుగు). కొలత పూర్తయ్యాక చేతితో అదనంగా వేసే పిడికెడును కొసరు అంటారు. అది ధరలో భాగం కాదు, అయినా అది లేని బేరం బేరమే కాదు.

ఇంట పండనిది ఉప్పు. తీరాన పండిన ఉప్పును లోతట్టు ప్రాంతాలకు చేరవేసింది ప్రధానంగా లంబాడీలు. వందల ఎద్దుల వీపులపై పెరికెలు, అంటే రెండు వైపులా వేలాడే గోనె మూటలు, వేసి వాళ్లు కృష్ణ దాటి తెలంగాణలోకి పోయేవారు, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. పలనాడు 19వ శతాబ్దం మొదలయ్యేసరికి ఈస్టిండియా కంపెనీ పాలనలోకి రాగా, నదికి ఆవలి ఒడ్డు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. దాంతో రేవు దాటడమంటే కరోడ్‌గిరీ అనే నిజాం సుంకం కట్టడం, నాణెం మార్చుకోవడం కూడా అయింది. ఇవతల చెల్లేది కల్దారు రూపాయి, అవతల చెల్లేది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఈ లెక్క నోటికి వచ్చిన కుటుంబాలే నదికి రెండు వైపులా వ్యాపారం చేయగలిగాయి, సరుకుతో పాటు లెక్క కూడా తండ్రి నుంచి కొడుకుకు అందింది.

కప్పు ఉన్న అంగడి కొత్త ఆలోచన కాదు. హంపీలో విరూపాక్షాలయం, కృష్ణాలయం ఎదుట బారులు తీరిన రాతి స్తంభాల మండపాలు విజయనగర కాలపు అంగడి వీధులే. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఆ నగరపు బజార్ల సమృద్ధిని వర్ణించాడు. తెలుగు నేలపై క్రీడాభిరామం అనే వీథి నాటకం ఓరుగల్లు వీధులనూ, రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇంటినీ కళ్లకు కడుతుంది. అయితే ఒకే కప్పు కింద కొట్లన్నిటినీ చేర్చి, నీరూ వెలుతురూ శుభ్రతా పురపాలక సంఘం చూసే పద్ధతి మాత్రం 19వ శతాబ్దపుది. బొంబాయిలో క్రాఫర్డ్ మార్కెట్టు 1869లో, కలకత్తాలో న్యూ మార్కెట్టు 1874లో, పలనాడు అప్పుడు ఏ రాజధాని కిందికి వచ్చేదో ఆ మద్రాసులో మూర్ మార్కెట్టు 1900లో తెరుచుకున్నాయి. మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతైంది.

హైదరాబాదుకు ఆ పద్ధతి వరద చేత వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేల ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. నగరాన్ని తిరిగి కట్టే పని 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థకు అప్పగించారు. ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు రోడ్లు వేయడం, పత్తర్‌గట్టీలో రాతి కమానుల కింద దుకాణాలు కట్టడం ఆ సంస్థ పనులే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు మొజం జా ఈ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నాడు. 1935లో కట్టిన మార్కెట్టుకు ఆయన పేరే పెట్టారు.

కట్టడాన్ని గమనిస్తే వ్యాపారం తెలిసినవాళ్లు గీసిన నమూనా అని అర్థమవుతుంది. రోడ్లు కలిసే మూల మీద గడియార స్తంభం నిలుస్తుంది. దానికి రెండు వైపులా గ్రానైటు రాతి కొట్ల వరసలు రెక్కల్లాగా చాచుకుని, వెనుక త్రిభుజాకారంలో లోపలి ఆవరణను కలుపుకుంటాయి. రోడ్డు వైపు కొట్ల ముందు కమానుల వసారా నడుస్తుంది, ఎండలోనూ వానలోనూ కొనుగోలుదారు ఆ నీడనే ఒక కొట్టు నుంచి మరొక కొట్టుకు పోవచ్చు. బండ్లు, బరువులు లోపలి ఆవరణలోకి చేరేవి. తూకం, వేలం, కడగడం అక్కడే జరిగేవి. చిల్లర బేరం వీధి వైపు, టోకు బేరం పెరటి వైపు నడిచేవి. సంతలో కలగాపులగంగా ఉండే ఈ రెండు వ్యవహారాలను రాతి గోడ ఇక్కడ విడదీసి, మళ్లీ వీపుకు వీపు ఆనించి నిలబెట్టింది. ఈ మార్కెట్టు బలం యావత్తూ ఈ ఆనికలోనే ఉండేదని చెప్పవచ్చు. వెనుక బండి నుంచి దిగిన పండు గంట తిరక్కముందే ముందు కొట్టులో అమ్ముడయ్యేది.

ప్రధానంగా ఇది పండ్ల మార్కెట్టుగా నడిచింది. మామిడి, బత్తాయి, ద్రాక్ష, సీతాఫలం కాలాన్ని బట్టి వచ్చేవి. రైతు తెచ్చిన సరుకును తన చోట పెట్టించి, కొనేవాళ్లను పిలిచి, అమ్మకంపై రుసుము తీసుకునే మధ్యవర్తిని ఆడ్తీదారు అంటారు. ఇతడు పంటకు ముందే రైతుకు అప్పు ఇస్తాడు, చిల్లర కొట్టువాడికి సరుకు అరువు ఇస్తాడు; రెండు వైపులా మాట పోకుండా నిలవాలంటే చోటు మారకూడదు, పేరు మారకూడదు. కొట్టు తండ్రి నుంచి కొడుక్కి పోవడానికి ఆప్యాయత ఒక్కటే కారణం కాదు. చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో ఉన్న బాకీలే అసలు ఆస్తి, ఆ బాకీలు వసూలయ్యేది అదే గల్లాపెట్టె వెనుక అదే ఇంటి మనిషి కూర్చున్నంత కాలమే. గోడలు మాత్రం పురపాలక సంస్థవి, వ్యాపారి అద్దెదారు. సొంతం కాని గోడల మధ్య సొంతమైన పేరును మూడు తరాల పాటు నిలపడం ఈ కుటుంబాల ఘనత, దానికి ఏ శిలాఫలకమూ లేకపోవడం విచారకరం.

పండ్ల చుట్టూ ఇతర వ్యాపారాలు అల్లుకున్నాయి: ఎండు పండ్లు, పూలు, తమలపాకులు, హుక్కా పొగాకు, అత్తరు, మాంసం. వీటిలో పండుకు నేరుగా బంధువు ఐస్‌క్రీము. 1950ల నుంచి మార్కెట్టు ఆవరణలో పాతుకున్న ఐస్‌క్రీము కొట్లు సీతాఫలం, మామిడి, సపోటా గుజ్జును పాలతో కలిపి చేతితో తిప్పి గడ్డకట్టించే పద్ధతికి పేరు పొందాయి. కొయ్య తొట్టిలో మంచుగడ్డలు, ఉప్పు నింపి, నడుమ లోహపు డబ్బా ఉంచి దాన్ని తిప్పుతారు. ఉప్పు కలిసిన మంచు కరుగుతూ చుట్టుపక్కల వేడిని పీల్చుకుని సున్నా కంటే బాగా దిగువకు చల్లబడుతుంది, డబ్బాలోని పాలు గోడల వెంట పేరుకుంటాయి. ఒకనాడు లంబాడీ ఎద్దుల మీద కృష్ణ దాటిన సరుకే ఈ తొట్టిలో కూడా పని చేస్తున్నదన్న మాట ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

ఇక టోకు బేరం సంగతికి వస్తే, 1930లో నిజాం ప్రభుత్వం, 1933లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయ మార్కెట్ల చట్టాలు చేశాయి. ధర బయటికి తెలియకుండా గుడ్డ కింద వేళ్లు పట్టి బేరమాడే పాత అలవాటును మాన్పి బహిరంగ వేలం పెట్టించడం, తూకంలో కోతలను అరికట్టడం ఇటువంటి చట్టాల ఉద్దేశం. 1966లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే చట్టం వచ్చింది. లారీల కాలంలో టోకు సరుకుకు విశాలమైన యార్డు కావలసి రాగా, పండ్ల టోకు వ్యాపారం మొదట మొజంజాహీ నుంచి గడ్డిఅన్నారానికి, మళ్లీ 2021-22లో అక్కడి నుంచి నగరం వెలుపలి బాటసింగారానికి తరలిపోయింది. పారిస్‌లో లె హాల్ మార్కెట్టు 1969లో రుంజిస్‌కు, లండన్‌లో కోవెంట్ గార్డెన్ 1974లో నైన్ ఎల్మ్స్‌కు తరలింది కూడా ఇటువంటి కారణాలతోనే. లె హాల్ కట్టడాలను తరువాత కూల్చివేశారు. మొజంజాహీ నిలిచింది, కానీ వీపు ఆనించిన టోకు అంగడి లేచిపోవడంతో చిల్లర కొట్లు ఒంటరివయ్యాయి. కొందరు పండ్లు వదిలి వేరే సరుకులకు మళ్లారు. కప్పులు కారాయి, వసారాలు ఆక్రమణలతో నిండాయి, గడియారం అశ్రద్ధకు గురైంది. 2018లో మొదలైన పునరుద్ధరణ పనులు రాతిని కడిగి, రంగులు గీకి, కప్పులు బాగుచేసి 2020 ఆగస్టులో కట్టడాన్ని మళ్లీ తెరిచాయి. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే కడిగిన రాయి కంటే, దాని కింద ఆహారం అమ్మే అద్దెదారులు అక్కడే కొనసాగడమే మార్కెట్టుకు ప్రాణం.

పలనాడు వైపు మార్పు మరొక దారిలో వచ్చింది. గుంటూరు-మాచర్ల రైలు మార్గం 1930 ప్రాంతంలో వేశారు. 1980ల చివర నడికుడి నుంచి బీబీనగర్ మార్గం పూర్తయి దాచేపల్లి పరిసరాలు హైదరాబాదుతో రైలు ద్వారా కలిశాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో కుడి కాలువ కింద వరి, మెట్టన పత్తి, మిరప పెరిగి జొన్న వెనక్కి తగ్గింది. ఇంటి గాదెకు కాక అమ్మకానికి పండించే రైతు చేతిలో పంటకాలంలో నగదు ఆడడం మొదలయ్యాక, వారం దాకా ఆగకుండా రోజూ తెరిచే కిరాణా కొట్టుకు బేరం కుదిరింది. మిరప టోకు మాత్రం గుంటూరు యార్డుకే పోయింది, పోతున్నది. 1999లో మొదలైన రైతు బజార్లు రైతునే అమ్మకందారుగా నిలిపి, మధ్యవర్తి లేని అంగడికి రేకుల కప్పు వేశాయి.

దాచేపల్లిలో 2021 నవంబరులో నగర పంచాయతీకి తొలి ఎన్నికలు జరిగాయి. పలనాటి ఊళ్లు ఒక్కొక్కటిగా పట్టణాలవుతున్నాయి. పట్టణమైన చోట మార్కెట్టు భవనం కట్టాలన్న ప్రతిపాదన సహజంగా వస్తుంది, సాధారణంగా అది రోడ్డు వైపు షట్టర్ల వరసగా ముగుస్తుంది. మొజంజాహీ నమూనా గీసినవాళ్లు పెరటి ఆవరణను ఎందుకు వదిలారో, కొట్ల ముందు వసారా ఎందుకు నడిపారో, పలనాటి పట్టణాలకు మార్కెట్టు గీసే ఇంజనీర్లూ పాలకులూ ఒక్కసారి వెళ్లి చూడాలి. సంతకు గంప దించే కూరగాయల ఆమెకు కూడా ఆ కప్పు కింద గచ్చు అరుగు, నీటి కొళాయి, తక్కువ తహబజారు రుసుముతో ఒక చోటు రాసిపెట్టాలి.