ఎలుక పెంచిన మానవచర్మము

లేపనములును కేశరంజనములును చర్మమును బాధించునో లేదో తేల్చుటకు కుందేటి వీపునకు బదులుగా నేడు ప్రయోగశాలలో పెంచిన మానవచర్మము నిలిచియున్నది. ఆ విద్యకు మూలమైన పత్రము 1975లో వెలువడినందున 2025తో దానికి ఏబదియేండ్లు నిండినవి.

కపోలచర్మముతో నాసికను సంధించు విధానమును సుశ్రుతసంహిత చెప్పినది. అటుపిమ్మట శతాబ్దులను ఒక్క గంతున దాటినచో, 1869లో శస్త్రవైద్యుడు రెవెర్డాన్ పారిస్‌లో చర్మపు తునకలను పుండ్లపై నాటుటయు, 1907లో జీవశాస్త్రజ్ఞుడు హారిసన్ కప్పపిండపు నాడీతంతువులను దేహమునకు వెలుపల పెంచుటయు కానవచ్చును. ఇక చర్మపరీక్షల సంగతి చూచినచో, 1944లో అమెరికా ఆహారౌషధ సంస్థకు చెందిన డ్రెయిజ్, తెల్లకుందేళ్ల కన్నులందును గొరిగిన చర్మముపైనను పదార్థములనుంచి, ఎరుపును వాపును అంకెలతో కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ అంకెలకు కుందేటి సమ్మతితో పని లేకపోయెను.

నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టము మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నడచినది. అచట హోవర్డ్ గ్రీన్, ఆయన శిష్యుడు జేమ్స్ రైన్వాల్డ్ మొదట పరిశీలించుచుండినది మానవచర్మమును కాదు, ఎలుకకు పుట్టిన ఒక కంతిని. అందు చర్మమువలె పొరలుగట్టు కణములు కొన్ని కనబడగా, అవి తమంత తాము పెరుగక, చెంతనున్న ఇతర కణముల ఆసరాతోనే వృద్ధిచెందుట వారు గమనించిరి. మానవకణములకును ఇట్టి తోడు కావలయునని తలచి, గ్రీన్ పూర్వము తన సహపరిశోధకుడు టొడారోతో కలసి ఎలుక పిండమునుండి సిద్ధపరచిన 3టీ3 కణములను తెచ్చి, వికిరణముతో వాని విభజనశక్తిని మాన్పి, పాత్ర అడుగున పరచిరి. తాము సంతతి కనజాలని ఆ కణములు పరాయి బిడ్డలను సాకు దాదులైనవి. మానవకణములేమో గుంపులుగట్టి పెరిగి పెరిగి, సాకిన దాదులనే ప్రక్కకు నెట్టివైచినవి. లోకరీతి గాజుపాత్రలోను తప్పలేదు! 1983లో దేహము దాదాపు అంతయు కాలిన ఇరువురు బాలురకు, వారి చర్మపు తునకనుండియే పొరలు పెంచి కప్పి ప్రాణము నిలిపినది ఈ విద్యయే.

తరువాత ఈ విద్య పరీక్షాసాధనమైనది. పోషకద్రవము క్రిందను గాలి మీదను ఉండునట్లు పెంచినచో కణములు పొరలుగట్టి పైన మృతకవచమును ధరించును. దానిపై పదార్థమునుంచి కడిగి, ఎంటీటీ అను పసుపు రసాయనమును చేర్చగా, బ్రతికిన కణములు దానిని ఊదారంగుగా మార్చును. సజీవత సగమునకు మించనిచో ఆ పదార్థము చర్మమును రేపునదని తీర్పు. 2010లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఈ పద్ధతికి ఆమోదముద్ర వేసినది.

ఇక్కడినుండి కథ తిన్నగా సాగదు. కుందేళ్లపై పరీక్షలను ఆపుమని 1980లోనే జంతుహక్కుల ఉద్యమకారుడు హెన్రీ స్పైరా పత్రికాప్రకటనతో సౌందర్యసాధనముల సంస్థయగు రెవ్లాన్‌ను నిలదీసెను. జంతువులపై పరీక్షించిన సౌందర్యసాధనముల విక్రయమును 2013లో ఐరోపా కూటమియు, అట్టి పరీక్షలను 2014లో భారతదేశమును నిషేధించినవి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సీసీఎంబీ) ప్రాంగణమున, జంతువులకు బదులు మానవకణముల నమూనాలను ప్రోత్సహించు కేంద్రమొకటి వెలసినది. అయినను అనేక ప్రయోగశాలలలో కణములను పోషించునది నేటికిని దూడపిండపు రక్తరసమే. రక్తనాళములు లేని చర్మపు నమూనా లేపనమునకు చాలునేమో కాని, కడుపులోనికి పోవు ఔషధము కాలేయమును ఏమి చేయునో చెప్పజాలదు. ఆ ప్రశ్నకు మాత్రము ఎలుకనే ఇంకను పిలుచుచున్నారు.