కుక్కపండ్లు – ముసలితనపు గుర్తు

కుక్క వయస్సును దాని పండ్లనుబట్టి చెప్పవచ్చునని క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథమున వ్రాసెను. పడుచుకుక్క పండ్లు తెల్లగను వాడిగను ఉండును. ముసలికుక్క పండ్లు నల్లబడి మొద్దువారును. ఈ మాటను శంకించుటకు లోకమునకు చాలకాలము కారణము కనబడలేదు. చూచినవారికి అట్లే కానవచ్చుచుండెను గదా! నోరు కంపుకొట్టుట, చిగుళ్లు వాచుట, పండ్లు కదలి రాలుట – ఇవన్నియు నెరసిన వెండ్రుకలవలె కాలము తెచ్చిపెట్టునవే యని జనులు తలచిరి.

మా యింట పదునొకండేండ్లు పెరిగిన కుక్క విషయమున నేనును అట్లే తలచితిని. అది రొట్టెముక్కను నోటినుండి జారవిడుచుచు, తల ఒకప్రక్కకు వంచి నమలుచుండెను. పిల్లలు పిలిచినను అరుగు దిగకుండెను. ముసలిదైనది పాపమని అన్నము మెత్తగా పిసికి పెట్టుచుంటిమి. కడకు పశువైద్యుడు దాని పెదవి పైకెత్తి చూపగా, పై దవడలోని పెద్దపండు గారతో పూర్తిగా కప్పబడియుండెను, చిగురుక్రింద చీము. మత్తుమందిచ్చి ఆరు పండ్లు తీసివేసిరి. పది దినములు గడచునప్పటికి అది వీథిలో పిల్లల వెంట పరుగెత్తుచుండెను. మేము వార్ధక్యమనుకొన్నది నొప్పి.

ఈ పొరపాటు తొలగుటకు మూలమైన సంగతి 1683లోనే ఒకరి కంటబడినది. హాలెండులోని డెల్ఫ్ట్ నగరమున బట్టలవర్తకుడైన లీవెన్‌హుక్, తన పండ్లసందుల తెల్లని పాచిని తాను చేసికొన్న సూక్ష్మదర్శినిలో చూచి, అందు మిక్కిలి చిన్న ప్రాణులు కదలుచున్నవని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. ప్రతి ఉదయమున ఉప్పుతో పండ్లు తోముకొనువాని నోటిలోనే అన్ని ప్రాణులు! అయినను ఆ పాచికిని చిగుళ్ల వ్యాధికిని గల సంబంధము తేలుటకు దాదాపు మూడువందల యేండ్లు పట్టినది.

ఈ నడుమ వ్యాపారము ముందుకు వచ్చినది. పిడుగులనుండి ఇండ్లను కాపాడు లోహపు కడ్డీలను అమ్ముకొనుటకు అమెరికానుండి ఇంగ్లండు వచ్చిన జేమ్స్ స్ప్రాట్ అనునాతడు, రేవులో నావికులు పారవేసిన గట్టి బిస్కట్లను కుక్కలు ఆత్రముగా తినుట చూచెనట. 1860 ప్రాంతమున అతడు లండనులో కుక్కల బిస్కట్లు అమ్మసాగెను. కడ్డీలు ఏమైనవో కాని బిస్కట్లు ప్రపంచమంతట వ్యాపించినవి. గట్టివస్తువు కొరికిన చాలును, పండ్లు వానియంతట అవియే శుభ్రపడునను నమ్మకమును అట్లే పాతుకొన్నది. కాని మామూలు బిస్కట్టు పంటికొన తగిలి పగిలిపోవును. పాచి పేరుకొనునది చిగురు అంచున.

1965లో హరాల్డ్ లోయె అను శాస్త్రజ్ఞుడు డెన్మార్కులోని ఆర్హుస్ నగరమున తన తోడివారితో గూడి ఒక పరీక్ష ప్రకటించెను. ఆరోగ్యవంతులైన 12 మంది పండ్లు తోముకొనుట మానివేయగా, మూడు వారములలోపుగా అందరి చిగుళ్లును వాచినవి; మరల తోముకొనగా నయమైనవి. అట్లే యేండ్లతరబడి మానివేసిన ఏమగును? మనుష్యులను అట్లుంచుట తగదు. కావున స్వీడను దేశమున యాన్ లిండే, లోయె మొదలగువారు బీగిల్ జాతి కుక్కలపై నాలుగేండ్లు పరీక్షించి 1975లో ఫలితము వెల్లడించిరి. దినమునకు రెండుసార్లు పండ్లు తోమబడిన కుక్కల చిగుళ్లు ఆరోగ్యముగా నిలిచినవి. తోమనివాటికి చిగుళ్లు చెడి, పంటిని పట్టియుంచు ఎముక కూడ కరగినది. అరిస్టాటిల్ గుర్తించిన నలుపులో కాలముకంటె పాచి వంతే హెచ్చని ఇట్లు తేలినది. మనుష్యుని నోటికొరకు చేసిన పరీక్ష యది. మూల్యము చెల్లించినవి కుక్కలు. వాటికి ప్రతిఫలము కొంత ఆలస్యముగా అందినది. అమెరికాలో జంతుదంతవైద్య నిపుణులను గుర్తించు సంస్థ 1988లో గాని ఏర్పడలేదు.

ఎదిగిన కుక్కకు 42 పండ్లు. పాచి కొలదిదినములలోనే లాలాజలమందలి ఖనిజములతో గట్టిపడి గారయగును. గారయైన పిమ్మట కుంచె పనిచేయదు, వైద్యుడే తీయవలెను. కావున ప్రతిదినమును తోముటయే మేలు. మొదట కొన్నాళ్లు వ్రేలికి తడిబట్ట చుట్టి చిగురు అంచున మెల్లగా రుద్దవలెను. పిదప మెత్తని కుంచె. పండ్ల వెలుపలివైపు ముఖ్యము, అందును పై పెద్దపండ్లు. లాలాజలము వచ్చి పడునది అచ్చటనే. మనము వాడు పేస్టు కూడదు. కుక్క ఉమ్మివేయదు, మ్రింగును. అందలి ఫ్లోరైడు దానికి మంచిది కాదు. కొన్నిటిలో నుండు జైలిటాల్ అను తీపిపదార్థము కుక్క రక్తములోని చక్కెరను హఠాత్తుగా దించివేసి ప్రాణము మీదికి తెచ్చును. వేపపుల్ల పనికిరాదా యని మా పొరుగువారు అడిగిరి. కుక్క పుల్లను కొరుకునేగాని తోముకొనదు! గట్టి ఎముకలును ప్రమాదమే, పెద్దపండు చీలిపోవును. గోటితో నొక్కిన చొట్టపడని వస్తువును కొరుకనీయరాదు.

మా ముసలికుక్క మరి రెండేండ్లు బ్రదికెను. మిగిలిన ముప్పదియారు పండ్లను ప్రతిరాత్రియు నేనే తోమితిని. మొదటి పదిదినములు అది నా వ్రేలిని మాత్రమే ఒప్పుకొనెను.