ఎద్దుకు వెన్న ఉండ, బోయీకి నాలుగు రూపాయలు

సగం దారి నడిచాక బండి ఎడ్లకు గోధుమపిండిలో వెన్న, బెల్లం వేసి పిసికిన ఉండలు రెండో మూడో తినిపించేవారట. సాయంత్రం దంచి నానబెట్టిన శనగలు పెట్టేవారట. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే రాసిపెట్టిన సంగతి ఇది. తన బండికి కట్టే జతకు దాదాపు 600 రూపాయలు పోశానని, మంచి ఎడ్లు అరవై రోజులపాటు పరుగు నడకతోనే సాగుతాయని కూడా రాశాడు. ప్రయాణ సౌఖ్యంలో ఫ్రాన్స్, ఇటలీలకు మన దేశం తీసిపోదన్నది ఆయన తీర్పు. ఆ కాలపు ఐరోపావాడి నోట అంతటి మాట రావడమే నాకు అపురూపం.

1652లో ఓడలో బందరు చేరి, బెజవాడ మీదుగా గండికోటకు వెళ్లాడు. వానలకు పొంగిన కృష్ణ దాదాపు మైలున్నర వెడల్పున పారుతోందని రాశాడు. ఆ ప్రయాణాల కథనంలోనే పుట్టి కూడా ఉంది: ఎద్దుతోలు కప్పిన పెద్ద బుట్ట, అడుగున కట్టెలు, నాలుగు వైపులా నలుగురు తెడ్లు వేసేవాళ్లు. ఒక్కడి తెడ్డు తప్పితే పుట్టి గిర్రున తిరిగి వాలుకు కొట్టుకుపోతుంది. బండినైతే రెండు పుట్టుల మధ్య కట్టి దాటిస్తారు. వెక్కిరింత లేదు, పని జరిగే తీరు మాత్రమే ఉంది. చెరువులు, వాగులు అడ్డొచ్చే గోల్కొండ సీమలో చక్రం సాగదనీ, పల్లకీయే హాయి అనీ ఒప్పుకున్నాడు.

తర్వాత వచ్చిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ చూపు వేరు. 1669-79 నాటి ఆయన రాతలు 1905లో గాని అచ్చు కాలేదు. మేకు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవ ఆయన కంటికి బలహీనంగా, వికారంగా కనిపించింది. అయినా ఈ తీరానికి అదే తగినదని ఆయనే ఒప్పుకున్నాడు. అలలు విరిగే ఈ తీరంలో మేకులు కొట్టిన గట్టి పడవ నేలకు తగిలితే పగులుతుంది. కుట్టు పడవ అలతోపాటు వంగి ఒడ్డెక్కుతుంది. ఇంగ్లీషువాళ్ల సరుకు దిగింది అందులోనే.

తావెర్నియేకు మాత్రం ఒక గుడ్డితనం ఉంది. పల్లకీ మోసే బోయీకి అన్నీ కలిపి నెలకు 4 రూపాయలని, ప్రయాణం అరవై రోజులు దాటితే 5 అని లెక్క రాశాడు. ఎద్దు తిండి అంత ముచ్చటగా చెప్పినవాడు మనిషి భుజం నొప్పి గురించి రాయలేదు. ఇది నాకు మింగుడుపడదు.

తర్వాత కృష్ణ మీద 1855 నాటి ఆనకట్టతో కాలువలు, కాలువలతో సరుకు పడవలు, ఆపైన రైలు వచ్చాయి. పడవ కుట్టిన చేతుల పేర్లు ఏ యాత్రికుడూ అడగలేదు. మనమైనా అడగాలి. మీ ఇంట్లో పుట్టి అల్లిన తాత, కాలువ పడవ లాగిన పెద్దాయన ఉంటే, వాళ్ల మాటలు ఇవాళే రాసిపెట్టండి.