ట్రూ-అప్ బిల్లు

కాలిఫోర్నియాలో ఇంటి కప్పుపై సోలార్ ప్యానెళ్లున్న విద్యుత్ వినియోగదారుకు ఏడాదికోసారి వచ్చే తుది లెక్క ట్రూ-అప్ బిల్లు. 2023 ఏప్రిల్ 14 లోపు దరఖాస్తు చేసుకుని నెట్ మీటరింగ్‌లో చేరిన ఇళ్లలో దీని ప్రభావం ఎక్కువ. పీజీ అండ్ ఈ వంటి విద్యుత్ సంస్థలు వీరి నుంచి కరెంటుకు నెలనెలా కొద్దిపాటి చార్జీ వరకే వసూలు చేస్తాయి. వాడకం తాలూకు బాకీ, గ్రిడ్‌కు పంపినదాని తాలూకు జమ ఖాతాలో పేరుకుంటాయి. ఈ పన్నెండు నెలలు జనవరితో కాక, సాధారణంగా గ్రిడ్ అనుసంధానానికి అనుమతి వచ్చిన నెలతో మొదలవుతాయి.

జూలైలో 60 డాలర్లు జమపడి, డిసెంబరులో 110 డాలర్లు బాకీపడితే, ఆ రెండు నెలలకూ కలిపి కట్టాల్సింది 50. అయితే యూనిట్లు సరికి సరి అయినా సొమ్ము లెక్క సరిపోకపోవచ్చు: రేటు ఎక్కువగా ఉండే సాయంత్రం 4 నుంచి 9 గంటల మధ్యే ఎండ తగ్గిపోతుంది. గ్రిడ్ నుంచి తీసుకున్న ప్రతి యూనిట్‌పై జమతో చెల్లువేయలేని చిన్నపాటి రుసుములూ నెట్ మీటరింగ్ రెండో రూపమైన 2.0 విధానంలో ఉన్నాయి. లెక్క ముగిశాక మిగిలిన డాలర్ల జమ రద్దవుతుంది. ఏడాది మొత్తంమీద మిగులు యూనిట్లుంటే మాత్రం టోకు ధర ప్రకారం యూనిట్‌కు కొద్ది సెంట్లు ఇస్తారు. అవసరానికి మించి ప్యానెళ్లు బిగించుకోవడం దండగే.

2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసినవారికి నెట్ బిల్లింగ్ వర్తిస్తుంది. అందులో చార్జీలు నెలనెలా కట్టాలి. పంపిన కరెంటుకు జమ చాలా తక్కువ.