బొగ్గుబాయిలో కొత్తోడు

కొత్తగా పనిలో చేరినవాణ్ని పాతవాళ్లు సతాయించడం హోటల్ వంటగది మొదలు మిల్లు దాకా అంతటా ఉన్నదే. అది మనుషుల గుణమనుకుని, ఓర్చుకొమ్మని కొత్తవాడికే బుద్ధి చెప్తాం. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల బొగ్గుబాయిల చరిత్ర తిరగేస్తే ఈ మాట నిలవదు. అక్కడ పాతకు కొత్తకు మధ్య వైరం పుట్టింది హాజరు రాసే మస్టర్ పుస్తకంలో. 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం బెల్లంపల్లికి, 1960ల నాటికి మందమర్రికి, గోదావరిఖనికి పాకింది. ఎవుసం సాగక ఊళ్లు విడిచినవాళ్లు బాయిపనికి వచ్చారు. అలా వచ్చినవాళ్లలో చాలామందికి దొరికిన మొదటి కొలువు టబ్బుల్లో బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్.

బదిలీ అంటే పర్మినెంట్ కార్మికుడు నాగా పెడితే ఆ పూటకు అతని చోట దిగేవాడు. షిఫ్టు వేళకు బాయి దగ్గరికి వచ్చి పేరు పిలుస్తారేమోనని నిలబడాలి. అందరూ డ్యూటీకి వస్తే ఇంటిదారి పట్టాలి. పర్మినెంట్ కావాలంటే ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు పడాలన్నది ఈ బాయిలు నడిపే సింగరేణి సంస్థ లెక్క. అంటే ఒకరికి జ్వరం వస్తేనే ఇంకొకరి పొయ్యి వెలుగుతుంది. తన చోటు కోసం రోజూ ఒకడు కాచుకుని ఉన్నాడని తెలిసిన మనిషి వాడితో చనువుగా ఎలా ఉంటాడు? పైగా చేతితో బొగ్గు ఎత్తే ఆ రోజుల్లో కూలి నింపిన టబ్బుల లెక్కన. తట్ట, చెమ్మస్ పార ఇంకా చేతికి అలవాటు కానివాడు పక్కన ఉంటే పని వెనకబడేది, కూలి తగ్గేది. సర్దార్ ఎవరికి ఏ చోటు చూపిస్తాడన్నదాని మీదే ఆనాటి సంపాదన. ఇన్ని చిక్కుముళ్లు వేసి, మీరు కలిసిమెలిసి ఉండండని చెప్పడం అన్యాయం. మన చేనేత కుటుంబాలు ఎన్నో వలస వెళ్లిన బొంబాయి మిల్లుల్లోనూ ఇదే బదిలీ పద్ధతి. అక్కడ కూలీలను పనిలో పెట్టే జాబర్‌కు మామూళ్లు ముట్టజెప్పినవాడికే పని దొరికేది. అతని పెత్తనం తగ్గించడానికి 1935లో మిల్లు యజమానుల సంఘమే బదిలీ కార్డులు తెచ్చింది. తగవు ఏర్పాటులోనే ఉందని వాళ్లకూ అర్థమైందన్నమాట.

పాతవాళ్ల కరకుతనం ప్రాణాలు కాపాడటానికే కదా అని అడగవచ్చు. ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. భూమి కింద తెలియనివాడు చేసే తప్పు పక్కవాడి ప్రాణం తీస్తుంది. అనుభవం ఉన్న కార్మికుడు పని మొదలుపెట్టే ముందు ఇనుపకడ్డీతో పైకప్పును తట్టి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, బోలుగా మోగితే బండ విడిపడుతున్నట్టు. ఆ తేడా తెలియకుండా బండ కిందికి నడిచే కొత్తోణ్ని గట్టిగా కసరాల్సిందే. కానీ కసిరి నేర్పడం వేరు, నేర్పకుండా కసరడం వేరు. తన టబ్బుకు అడ్డం రానివాడికి విద్య ఇవ్వడం తేలిక. రేపు తన చోటే తీసుకునేవాడికి ఇవ్వడం కష్టం. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమాలు కొత్తవాళ్లకు శిక్షణ తప్పనిసరి చేశాయి. మంచి పనే. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య ఉన్న కూలి తగవు మాత్రం వాటి పరిధిలోది కాదు.

కులం, ఊరు, భాష తేడాలు కూడా ఉన్నాయి, కాదనను. అయితే కొత్తవాణ్ని ఆదుకున్నవీ అవే. అన్నా, కాకా, బావా అని వరస కలిపి, ఊరివాళ్ల జట్టులో చేరినవాడు నిలదొక్కుకునేవాడు. వరస కలవని ఒంటరి మాత్రం నలిగిపోయేవాడు. అంతకంటే పెద్ద అండ కార్మిక సంఘం. నోటీసు లేకుండా ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద 1981లో సింగరేణిలో 56 రోజులు సమ్మె నడిచింది. ఆ కోతకు పాత, కొత్త తేడా లేదు, అందుకే పోరాటమూ ఒకటయ్యింది. తర్వాత యంత్రాలు వచ్చి చేతితో బొగ్గు నింపడం పోయింది. బదిలీ వర్కర్ పేరు మాత్రం వెంటనే పోలేదు. కారుణ్య నియామకాల్లో పెద్ద చదువులు చదివినవాళ్లూ ఆ పేరుతోనే పనిలోకి వచ్చారు. వాళ్లకంటే కింద కాంట్రాక్టు కార్మికులు చేరారు. వేతనాల కోసం 2022 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగారు. పక్కపక్కన పనిచేసేవాళ్ల మధ్య జీతం గీత ఇంకా చెరగలేదు, పాత ఏర్పాటే కొత్త పేరుతో నడుస్తోంది.