రెండు పెట్టెల నడుమ తీగె

ఒక ఇంటిలో టెలివిజను ఉన్నది. డిస్కు ప్లేయరు ఉన్నది. శబ్దమును పెంచి స్పీకర్లకు పంపు రిసీవరు ఉన్నది. విడివిడిగా చూచిన మూడును చక్కగా పనిచేయుచున్నవి. తీగెలతో కలుపగా మాత్రము తెరపై బొమ్మ వచ్చును గాని శబ్దము రాదు. లేదా పాటతోపాటు ఎడతెగని మ్రోత వినవచ్చును. ఇంటివారు యంత్రము చెడినదని తలచి దానిని మూలకు నెట్టుదురు. పెక్కు సందర్భములలో చెడినది యంత్రము కాదు. రెండు యంత్రముల నడుమ ఉండవలసిన ఒడంబడిక కుదరలేదు. ఇట్టి ఒడంబడికలు ఒక్కనాడు పుట్టినవి కావు. ఎనుబది ఏండ్లకు పైగా ఒకదానిపై నొకటి చేరుచు వచ్చినవి. వాని చరిత్ర తెలిసినచో లోపమెచ్చట నున్నదో వెదకుట సులువగును.

మొదటి ఒడంబడిక సంకేతబలమునకు సంబంధించినది. 1930 దశకములో అమెరికాలోని రేడియో కార్పొరేషను ఆఫ్ అమెరికా సంస్థ, గ్రామఫోను పళ్లెమును రేడియో పెట్టెకు కలుపుటకై ఒక చిన్న ప్లగ్గును ప్రవేశపెట్టెను. రేడియోలో వర్ధకము, స్పీకరు ముందే యున్నవి కదా! పళ్లెము త్రిప్పు యంత్రమునకు వేరుగా వానిని కొనుట ఎందుకు? ప్లగ్గు నడుమనున్న సూది సంకేతమును కొనిపోవును. చుట్టునున్న లోహపు కట్టు తిరుగుదారి యగును. ఆ సంస్థ పొడి అక్షరములతో ‘ఆర్.సి.ఏ.’ ప్లగ్గు అని నేటికిని దానిని పిలుచుచున్నారు. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లూమ్లీన్ అను ఇంజనీరు ఒకే గాడిలో రెండు శబ్దములను ఇముడ్చు పద్ధతికి పేటెంటు కోరెను. 1957-58లో అట్టి స్టీరియో రికార్డులు అంగళ్లకు రాగా, ఒక ప్లగ్గునకు బదులు రెండు అవసరమైనవి. తరువాత ఎడమకు తెలుపు, కుడికి ఎరుపు రంగులు వాడుక యయ్యెను.

రికార్డుపై నడచు అయస్కాంతపు పికప్పునుండి వచ్చు వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. పైగా రికార్డును కోయునప్పుడు మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను పెంచుదురు. ఎంత తగ్గించవలెనో, ఎంత పెంచవలెనో అమెరికా రికార్డు పరిశ్రమల సంఘము 1954లో ఒక ప్రమాణమును నిర్ణయించెను. రిసీవరు వెనుక ‘ఫోనో’ అను రంధ్రము ఈ మార్పును సరిదిద్ది, సంకేతమును మిక్కిలిగా పెంచును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు ప్లేయరు అత్యధికముగా 2 వోల్టుల వరకు ఇచ్చును. 5 మిల్లీవోల్టులతో పోల్చిన ఇది 400 రెట్లు. రెండింటి ప్లగ్గు ఒక్కటే యగుటచే పొరపాటు సులభము. డిస్కు ప్లేయరును ‘ఫోనో’లో పెట్టిన శబ్దము బొంగురుపోయి చెవులు చిల్లులు పడును, రికార్డు ప్లేయరును ఇతర రంధ్రములలో పెట్టిన శబ్దము పేలవముగా, సన్నగా వచ్చును. ప్లగ్గు దూరినంత మాత్రమున సంబంధము సరియైనదని చెప్పరాదు.

రెండవది క్షేమమునకు సంబంధించినది. పూర్వపు టెలివిజను పెట్టెలు పెక్కింటిలో శబ్దమును వెలుపలికి ఇచ్చు రంధ్రమే లేదు. ఖర్చు తగ్గించుటకై ట్రాన్సుఫార్మరు లేకుండ చేసిన పెట్టెలలో, లోపలి లోహపు చట్రము ఇంటి విద్యుత్తు తీగెలలో ఒకదానికి నేరుగా కలిసియుండెడిది. అట్టి చట్రమునుండి బయటికి తీగె తెచ్చిన, దానిని ముట్టినవానికి ప్రాణాపాయము. విద్యుత్తునుండి చట్రమును వేరుచేయు సరఫరా పద్ధతులు వాడుకలోనికి వచ్చిన పిదపనే టెలివిజను ఇతర యంత్రములతో కలియగలిగెను.

కలిసిన తరువాత వేరొక చిక్కు వచ్చెను. రెండు యంత్రములకు వేర్వేరు చోట్ల ఎర్తు సంబంధమున్నచో, శబ్దపు తీగె కవచముతో కూడి ఒక వలయ మేర్పడును. అందు పారు స్వల్ప విద్యుత్తు, మన దేశములో సెకండుకు 50 ఆవృత్తులు గల కరెంటు మ్రోతను స్పీకరులోనికి తెచ్చును. కొందరు మూడు పుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్లను తీసివేసి మ్రోతను ఆపుదురు. ఇది ఎన్నడును చేయరాదు. మ్రోతతో పాటు రక్షణయు పోవును. యంత్రములన్నిటిని ఒకే బోర్డునుండి నడుపవలెను. కేబులు టీవీ తీగెను తాత్కాలికముగా ఊడదీసి, మ్రోత ఆగినదేమో చూడవలెను.

మూడవది భాషకు సంబంధించినది. 1983లో జపానులోని తోషిబా సంస్థ శబ్దసంకేతమును ఎఱ్ఱని కాంతిగా పంపు తంతువును వెలువరించెను. కాంపాక్టు డిస్కులో సెకండుకు 44,100 కొలతలు, కొలతకు 16 అంకెలు, రెండు ప్రవాహములు. అనగా సెకండుకు 14,11,200 అంకెలు. కాంతితంతువు విద్యుత్తును మోయదు గనుక దాని ద్వారా ఎర్తు మ్రోత రాదు. అయితే 1996లో జపానులో డి.వి.డి. వచ్చిన తరువాత ఆరు స్పీకర్ల శబ్దమును సంక్షిప్తలిపివలె కుదించి పంపుట సాధారణ మయ్యెను. ఆ లిపి చదువలేని రిసీవరు మౌనముగా నుండును. అప్పుడు ప్లేయరు అమరికలలో ‘పి.సి.ఎం.’ ఎన్నుకొనిన, సాదా లిపిలో రెండు ప్రవాహముల శబ్దము వచ్చును.

నాలుగవది దిశకు సంబంధించినది. 2002 డిసెంబరులో ఏడు సంస్థలు కలిసి హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణమును ప్రకటించెను. 19 సూదుల ఈ ప్లగ్గు బొమ్మను, శబ్దమును కలిపి మోయును. కాని ప్రవాహము ప్లేయరునుండి రిసీవరునకు, రిసీవరునుండి టెలివిజనునకు మాత్రమే. టెలివిజనులోనే పుట్టిన శబ్దము రిసీవరునకు మరలి రావలెనన్న వేరొక తీగె కావలసివచ్చెను. 2009లో వచ్చిన 1.4 ప్రమాణము అదే తీగెలో తిరుగుదారి నేర్పరచెను, దానినే ‘ఏ.ఆర్.సి.’ అందురు. రెండు యంత్రములయందును ఆ గుర్తుగల రంధ్రములనే వాడవలెను. అమరికలలో దానిని తెరువవలెను. ఈ రెంటిలో ఏది మరచినను శబ్దము రాదు.

ఇక లోపమును వెదకు విధానము. మొదట రిసీవరులోని రేడియోను మ్రోగింపవలెను. అది వినిపించినచో వర్ధకము, స్పీకర్లు బాగున్నవన్నమాట. పిమ్మట బలము, ఎర్తు, భాష, దిశ అను వరుసలో ఒక్కొక్కటి పరీక్షింపవలెను. ఆర్.సి.ఏ. తీగెలతో కలిపినప్పుడు ఎడమ స్పీకరు మాత్రమే మ్రోగనిచో, యంత్రములను ఆపి, రిసీవరు వెనుక ఎడమ, కుడి ప్లగ్గులను తారుమారు చేయవలెను. మౌనము కుడికి మారినచో లోపము తీగెలోనో, ప్లేయరులోనో ఉన్నది. ఎడమననే నిలిచినచో రిసీవరు వైపున ఉన్నది. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెననునది ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చుకొను నియమమే. దానిని పాటించినవారు మంచి యంత్రమును చెడినదని పారవేయరు.