జాబితా ఎవరు రాశారు?

అనంతపురం కరువు గురించి ఎవరు మాట్లాడినా వాన లెక్కతోనే మొదలుపెడతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. ఇంజనీరును కాబట్టి నాకూ ఆ లెక్కే అలవాటు. ఈ సంచికకు మాత్రం వేరే సంగతి రాస్తున్నాను. బయటి దాతల డబ్బు మన పల్లెల్లో దేనికి ఖర్చు కావాలో తేల్చిందెవరు?

1952 కరువులో గంజి కేంద్రం ముందు నిలబడిన సంగతి మా అవ్వ చెప్పేది. గిన్నె పట్టుకుని వరసలో ఉన్నవాళ్ళను మీకేం కావాలని ఎవరూ అడగలేదు. అడిగే సమయమూ కాదది.

మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో పనిచేస్తూ 1968లో దేశం విడిచిపోవలసి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, మరుసటేడు తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. భార్య ఆన్‌తో కలిసి ఆయన నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టే మన ఆర్డీటీ. బావులు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి మీకందరికీ తెలిసినవే. నేను చెప్పదలచింది డబ్బు నడిచిన దారి గురించి.

స్పెయిన్‌లో ఒక కుటుంబం ఇక్కడి ఒక బిడ్డకు దాతగా పేరు రాయించుకుంటుంది. ఉత్తరం ఆ బిడ్డకే వస్తుంది. డబ్బు మాత్రం విడిగా ఆ ఇంటికి పోదు, అందరిదీ కలిపి ఊరి పనులకు పెడతారు. మా బెంచీలో ఒకడు "నా డబ్బు నాకెందుకియ్యరు?" అని ఏడాదంతా గొణిగాడు. ఇప్పుడు బ్యాంకు మేనేజరు. ఇది చదివి నవ్వుకుంటాడు.

డబ్బు ఒకచోట చేరితే తగవూ అక్కడే పుడుతుంది. ఈ ఏడు పది ఇళ్ళకే వీలుంటే ఏ పది? అది తేల్చడానికే ఊరి కమిటీలూ మహిళా సంఘాలూ కూర్చునేవి. పగలు శెనక్కాయ చేలో కూలికిపోయి, రాత్రి దీపం ముందు చేసే జీతంలేని పని.

నేను మన బడిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా మట్టిమిద్దె ఒక మూల కూలింది. మా అమ్మ సంఘం సభ్యురాలు. మా పేరు జాబితాలో ఉంటుందనే అనుకున్నాం. ముగ్గురు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఒకామె పేరు ముందు రాశారు, తర్వాత ఒక ముసలి దంపతులది. అలా మా పేరు కిందికి జారి, చివరికి లేకుండానే పోయింది.

"నువ్వు ఆడ కూచోనుండి కూడా మన పేరు రాయించలేదే!" అని అరిచాను.

"కూచోనున్న్యాను కాబట్టే రాయించలేదు నాయనా" అంది.

ఇంకో రెండు వానాకాలాలు ఆ మిద్దె కిందే గడిచాయి. తడిసిన లెక్కల నోటుబుక్కుతో వచ్చి మన సారు చేత చీవాట్లు తిన్నాను. ఇల్లు వచ్చాక కూడా నా కోపం పూర్తిగా పోలేదు.

కమిటీలన్నీ ధర్మరాజులని చెప్పను. గొంతు పెద్దదైనవాడి వీధికే కుళాయి పోయిన ఊళ్ళూ ఉన్నాయి.

తర్వాత నా ఉద్యోగంలో వాటర్‌షెడ్ పనులు వచ్చాయి. 1995 నుంచి అమలైన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం డబ్బు ఊరి కమిటీ ఖాతాలో పడాలి, లాభం పొందేవాళ్ళు తమ వాటా వేయాలి. ఒక వంక మీద చెక్‌డ్యామ్‌కు నేను గుర్తుపెట్టిన చోటు చూసి, కమిటీలో ఒకామె "ఈడ నీళ్ళు నిలిస్తే ఎవురి బాయి నిండుతుంది సార్?" అంది. లెక్క చూస్తే రెండు పెద్ద కమతాలు. కింద, ఎస్సీ కాలనీ చేలదగ్గరికి మార్చాం. నిలిచే నీళ్ళు తగ్గాయి. సంతకం పెట్టడానికి చేయి రాలేదు, పెట్టాను.

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. పనులు తేల్చడం గ్రామసభకు చట్టం ఇచ్చిన హక్కయింది. ఫెర్రర్ 2009 జూన్‌లో కన్నుమూశారు. తర్వాత ఆర్డీటీ పల్లెల్లో హుండీలు వెలిశాయి. ఒకప్పుడు సాయం అందుకున్న ఇళ్ళే ఇప్పుడు వాటిలో డబ్బు వేస్తున్నాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన స్వర్ణోత్సవ నిధి. గేటుకు ఆర్చి కడదామని మనవాళ్ళు అన్నప్పుడు నమూనా గీసింది నేనే. మొన్న బడికి వెళితే ఒక ఎనిమిదో తరగతి పిల్ల తల్లి, ఆడపిల్లల మరుగుదొడ్లకు మధ్యాహ్నం తర్వాత నీళ్ళు రావని చెప్పింది. మమ్మల్ని ఎవరైనా అడిగారా అని కూడా అంది. వచ్చే సమావేశానికి ఆమెనూ, మరో ఇద్దరు తల్లులనూ పిలిచాను. ట్యాంకు నుంచి పైపులైను ఎంత దూరమో కొలిచి కాగితం తెస్తాను. ఆర్చి నమూనా కూడా తెస్తాను, చూడండి.